మహేంద్రగిరి శిఖరము



ఉద్దానపు ఊళ్లలో ఏ పొలము గట్టున నిలిచి పడమటి వైపు చూచినను ఆకాశపు అంచున ఒక నీలిగోడ కనబడును. ఆ గోడలో అన్నిటికంటె పైకి లేచిన భాగమే మహేంద్రగిరి. వానకాలమందు దాని తల మబ్బులో మునిగియుండును. కార్తికమాసము వచ్చుసరికి తేటపడి, వాలుననున్న చెట్లగుంపులను లెక్కింపవచ్చునన్నట్లు దగ్గరగా తోచును. పంట నూర్చు దినములలో కొండతలకు మబ్బు కట్టుట చూచి కల్లములోని కుప్పలపై గడ్డి కప్పించు రైతులు ఈ సభలోనే ఎందరో యుందురు. దిక్కు తెలియుటకును, వాన తెలియుటకును ఇన్ని తరములవారు ఆ కొండనే చూచిరి. కాని దాని శిఖరమున ఏమున్నదో, అక్కడి రాళ్లపై ఎవరి వ్రాతలున్నవో, దాని అడవి తరిగినచో క్రింది ఊళ్లకు ఏమి సంభవించునో విచారించినవారు తక్కువ. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

మహేంద్రగిరి సముద్రమట్టమునకు 1501 మీటర్ల ఎత్తున, అనగా సుమారు 4,925 అడుగుల ఎత్తున నున్నది. తూర్పు కనుమలలో ఇంతకంటె ఎత్తైనవి లేకపోలేదు. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి 1672 మీటర్లు. పాడేరు వైపుననున్న అర్మకొండ 1680 మీటర్లు. అయినను ఆ శిఖరములు ఎత్తైన పీఠభూమిపై నిలిచినవి. వాటి పాదము చేరునప్పటికే బాటసారి సగము పైకి వచ్చియుండును. మహేంద్రగిరి అట్లు గాదు. బారువ తీరమునకు సూటిగా 25 కిలోమీటర్ల దూరమున, పల్లపు నేలనుండి ఒక్కమారుగా లేచినది. అందువలననే కొలతలో చిన్నదైనను కంటికి పెద్దదిగా తోచును.

సముద్రమునకు ఇంత చేరువగా నుండుటయే దాని చలువకు కారణము. సముద్రముపైనుండి వచ్చు తేమగాలి కొండకు తగిలి పైకి ప్రాకును. పైకి పోయినకొలది చల్లబడి, మోయలేని తేమను మబ్బుగను మంచుగను విడుచును. వేయి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున వేడి తగ్గును గనుక, మందసలో చెమటలు పోయు మధ్యాహ్నమున శిఖరమున నిలిచినవానికి పైవస్త్రము కావలసివచ్చును. ఈ కనుమలలోని రాతిజాతులలో ఒకదానికి భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటు అని పేరిడిరి. వాకర్ అను శాస్త్రజ్ఞుడు 1902లో ఖోండు జాతివారిని బట్టి పెట్టిన పేరది. ఈ విధముగా కొండవారి పేరు రాతికి వచ్చినది. రాతిపై వ్రాతలలో మాత్రము కొండవారి పేరు వచ్చుట మిక్కిలి అరుదు.

శిఖరము చేరుటకు బాటలు రెండువైపులనుండి కలవు. ఒడిశా వైపున పర్లాకిమిడినుండి మోటారు బండ్లు శిఖర సమీపమువరకు పోవును. మందస వైపునుండి సవర గ్రామముల మీదుగా కాలిబాట కలదు. ఇది నిటారైనది, ఉబ్బసమువారికి తగినది కాదు. అయినను కొండను చూడగోరువాడు ఒక్కసారియైనను ఈ బాటనే పోవలెను. బండిలో పోవువానికి శిఖరము దొరకును గాని కొండ దొరకదు.

మొదట జీడిమామిడి తోటలు, పనసలు. అవి దాటగానే ఇప్ప, మద్ది, గుగ్గిలము మొదలగు పెద్దచెట్ల అడవి ఆరంభమగును. అడ్డతీగ చెట్లను చుట్టుకొని ప్రాకును. పెండ్లి విందులలో విస్తళ్లై వచ్చు అడ్డాకు దీనిదే. నడుమనడుమ జీలుగు చెట్లు నిలిచియుండును. జీలుగుకల్లు సవరల యింట పెద్దల పూజకును, అతిథి మర్యాదకును కావలసిన వస్తువు; ఏ చెట్టు ఎవరిదో గ్రామమంతయు ఎరుగును. వాగుల వెంబడి సవరలు రాళ్లు పేర్చి మెట్లుమెట్లుగా కట్టిన మడులను చూచిన పల్లపురైతు తప్పక ఆగిపోవును. ఒక మడి నిండి ఒక మడికి నీరు దిగునట్లు, గట్టు తెగకుండునట్లు ఆ కట్టుబడి యుండును. ఏ ఇంజనీరును పిలువకయే వారు ఈ విద్యను తండ్రినుండి కొడుకు నేర్చుకొనుచు వచ్చిరి. కొండవారికి వ్యవసాయము రాదని తలంచువారు ఈ మడులను చూడవలెను.

ఇంకను పైకి పోగా లోయలలో ఎండ సోకని అడవి కలదు. ఏడాది పొడవున ఆకు రాలని చెట్లు, వాటి కొమ్మలపై పాచి, పువ్వులు పూయు బదనికలు, మనిషి ఎత్తున చెట్టువలె పెరుగు ఫెర్నులు అక్కడ నుండును. శిఖరము దగ్గరకు వచ్చునప్పటికి చెట్లు లోయలకు తగ్గి, పైన పచ్చికబయలును, పొట్టిపొట్టి చిట్టీత దుబ్బులును మిగులును. గాలి అక్కడ నిలువనీయదు. ఆ పచ్చికపై, మబ్బు పోవుచు వచ్చుచు నుండగా, మూడు రాతిగుడులు కనబడును.

జనులు వాటిని భీముని గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి అని పిలుతురు. భీముని గుడి మిక్కిలి పైనున్నది. ముందు మండపము లేదు, శిల్పశోభ లేదు. పెద్దపెద్ద రాళ్లను పేర్చి కట్టిన ఒక చిన్న గది మాత్రమే. ఆ రాళ్ల పరిమాణము చూచినవారు అది భీముని పని యనుటలో వింతలేదు. ధర్మరాజు గుడి కొంచెము దిగువను, కుంతి గుడి ఇంకను దిగువను చెట్లనడుమను ఉన్నవి. కుంతి గుడిలోని శివుడే ప్రాచీన శాసనములలోని గోకర్ణేశ్వరుడని పలువురు పండితుల అభిప్రాయము.

ఇచ్చట ఒక పొరపాటును సవరింపవలసియున్నది. హనుమంతుడు లంకకు లంఘించిన మహేంద్రపర్వతము ఇదియే యని కొందరు చెప్పుదురు. అది తమిళదేశపు దక్షిణాగ్రమున నున్న మరియొక మహేంద్రగిరి. నేడు రాకెట్టు యంత్రములను పరీక్షించు కేంద్రము అక్కడనే కలదు. కళింగదేశపు మహేంద్రగిరి పరశురాముని కొండ. పురాణములలోని సప్తకులపర్వతములందు ఇది మొదట పేర్కొనబడునది. భూమినంతయు కశ్యపునకు దానమిచ్చిన పరశురాముడు నిలుచుటకు తావులేక ఈ కొండను చేరెనని కథ. భారతమున వనపర్వమందు తీర్థయాత్రకు వచ్చిన పాండవులకు ఆయన చతుర్దశినాడు దర్శనమిచ్చెను. శివరాత్రియు చతుర్దశియే గదా! నేటికిని ఆ రాత్రి రెండు రాష్ట్రముల జనులు వేలకొలది కొండనెక్కి జాగరము చేయుచున్నారు.

పురాణము విడిచి చరిత్రకు వచ్చినచో, ఈ శిఖరమును తమదనిపించుకొనగోరిన రాజులు ఒకరిద్దరు గారు. అలహాబాదు స్తంభముపై సముద్రగుప్తుని విజయములలో మహేంద్రగిరి పేరున్నది. అది కొండ పేరా, రాజు పేరా యని పండితులు తగవులాడుచునే యున్నారు. రఘువంశమున రఘువు మహేంద్రనాథుని సంపదను గైకొని భూమిని మాత్రము విడిచెనని కాళిదాసు వ్రాసెను. అట్టి విజేతలు కావ్యములలోనే దొరకుదురేమో!

శ్రీకాకుళము జిల్లాలోని ముఖలింగము తూర్పు గాంగుల కళింగనగరమని ఎక్కువమంది నిర్ణయము. ఆ రాజులు తమ తామ్రశాసనములలో మహేంద్రగిరి శిఖరమున వెలసిన గోకర్ణస్వామి పాదములను సేవించువారమని మొట్టమొదట చెప్పుకొందురు. వారి రాజ్యమునకు హక్కుపత్రము ఆ కొండయే. అనంతవర్మ చోడగంగదేవుని 12వ శతాబ్ది ఆరంభపు శాసనములలో ఆ వంశము వచ్చిన కథ యున్నది. కోలాహలపురము, అనగా నేటి కోలారునుండి, కామార్ణవుడు రాజ్యమును పినతండ్రికి విడిచి నలుగురు తమ్ములతో బయలుదేరెను. మహేంద్రగిరి యెక్కి గోకర్ణస్వామిని కొలిచి వరాహలాంఛనమును పొందెను. కొండ దిగి శబరాదిత్యుడను రాజును గెలిచి కళింగమును గైకొనెను.

ఈ కథను శ్రోతలు నిదానముగా ఆలోచింపవలెను. శబరులనగా సవరలు. కొత్తగా వచ్చినవాడు ముందు కొండదేవుని మ్రొక్కినాడు. తరువాత కొండవారి రాజును కొట్టినాడు. దేవుడు శాసనములకెక్కెను. శబరాదిత్యుని గూర్చి ఓడిపోయెనన్న ఒక్కమాట తప్ప మరేమియు మిగులలేదు. పూరీ జగన్నాథుని కథలోను ఆ దేవుని అడవిలో మొదట పూజించినవాడు విశ్వావసువను శబరుడే యగుట గమనింపదగినది.

తరువాత చోళుడు వచ్చెను. 11వ శతాబ్దిలో రాజేంద్రచోళుని పేర, విమలాదిత్యుడను కులూతరాజును గెలిచి మహేంద్రగిరిపై జయస్తంభము నిలిపినట్లు సంస్కృతమునను తమిళమునను ఇచ్చట చెక్కబడినది. వ్రాతతోపాటు చోళుల పులియు, రెండు చేపలును చెక్కబడియున్నవి. ఇంత దూరమునుండి సేనలతో వచ్చి, ఈ నిటారు కొండయెక్కి, రాతిపై పులిని చెక్కించుటకు ఎంత శ్రమపడియుందురో ఊహింపవచ్చును. చోళుల అధికారము కళింగమున నిలువలేదు. చోళరాజకుమార్తె రాజసుందరి గాంగుల యింట కోడలాయెను. ఆమె కుమారుడే 1078లో పట్టాభిషిక్తుడైన చోడగంగదేవుడు. పూరీలోని మహాలయమును ఆరంభించినది ఆయనయే. అటుతరువాత గాంగుల భక్తియు రాజధానియు ఉత్తరమునకు తరలిపోయినవి. శిఖరమున గోకర్ణస్వామికి సవరలు, పల్లపు యాత్రికులు, మబ్బులు మిగిలిరి.

ఇక ఇటీవలి కాలము. 1936కు పూర్వము మహేంద్రగిరి మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరిన మందస జమీందారీలో నుండెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు శిఖరము అటును, మందస ఇటును పోయినవి. ఇటు భాగము మొదట విశాఖపట్టణము జిల్లాకును, 1950లో కొత్తగా ఏర్పడిన శ్రీకాకుళము జిల్లాకును చేరినది. శిఖరము 1992నుండి గజపతి జిల్లాలో నున్నది.

పర్లాకిమిడి ఒరిస్సాలో చేరుటచే ఒక మహనీయుడు తన జీవితకాలపు ఊరు విడిచెను. ఆయనయే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో ముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులై, సవరల మాటలు విని, ఆ భాషను నేర్చుకొనిరి. అప్పటికి ఆ భాషకు వ్రాత లేదు, వ్యాకరణము లేదు. ఆయన సవరల పాటలును కథలును వ్రాసికొని, వారి పిల్లలకు వారి మాటలోనే వాచకములు కూర్చి, బడులు పెట్టించిరి. సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. రాజులు శిఖరమున తమ పేరు వ్రాయించుకొనిరి. ఈ బడిపంతులు కొండ క్రిందివారి మాటలు వ్రాసిపెట్టెను. వ్యావహారికభాషకై జీవితమంతయు పోరాడిన ఆయనను గూర్చి ఈ సభలో గ్రాంథికమున చెప్పవలసివచ్చుట చూచి ఆయన ఆత్మ నవ్వుకొనుచుండునేమో! 1936లో పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరము చేరి, 1940 జనవరిలో కీర్తిశేషులైరి.

ఆ 1940వ సంవత్సరముననే, ఏప్రిల్ 1న, కొండ క్రింది గుడారిరాజమణిపురమున నెత్తురు చిందినది. మందస జమీందారు అడవిలో కట్టెపుల్ల తెచ్చుకొనుటకును రైతులకు ఆటంకములు కలిగెను. అంతకు కొద్దిదినముల క్రిందటనే పలాసలో అఖిలభారత కిసానుసభ జరిగియుండెను. రైతులకు ధైర్యము వచ్చి గుంపుగా అడవికి పోయి కలప తెచ్చుకొనిరి. పోలీసులు వారిని పట్టుకొనిపోవ వచ్చిరి. గర్భవతియైన సాసుమాన గున్నమ్మ తోడి స్త్రీలను కూడగట్టి బండ్లకు అడ్డము నిలిచెను. తుపాకులు ప్రేలినవి, ఆమెయు, మరికొందరును నేలకొరిగిరి. నాగలికి కఱ్ఱ, ఇంటికి దూలము, పొయ్యికి పుల్ల, ఇంతమాత్రమే ఆమె అడిగినది. మహేంద్రగిరి అడవి ఎవరిది అను ప్రశ్నకు ఇంత స్పష్టముగా ఎవ్వరును జవాబు చెప్పలేదు.

జమీందారీలు పోయినవి. ఆ ప్రశ్న నేడు మరియొక రూపమున వచ్చినది. మహేంద్రగిరి అడవులలో ఎలుగుబంట్లు, కణుజులు, అడవిపందులు కలవు. విషసర్పములలో మిక్కిలి పొడవైన గిరినాగు కలదు. ఎండుటాకులు పోగుచేసి గూడు కట్టి గ్రుడ్లకు కావలి కాయు పాము ఇది యొక్కటియే. ఇది సామాన్యముగా ఇతర పాములను తిని బ్రతుకును గాని మనిషి జోలికి రాదు. కొమ్ము వంటి పెద్దముక్కు గల ఒక పక్షి కలదు. దాని ఆడుపక్షి గ్రుడ్లు పెట్టుకాలమున చెట్టుతొఱ్ఱలో చేరి, సన్నని చీలిక మాత్రము విడిచి ద్వారము మూసికొనును. మగపక్షి ఆ చీలికగుండ పండ్లందించును. పాతికేండ్ల మొక్కలో అట్టి తొఱ్ఱ ఏర్పడదు. ముసలిచెట్టును పనికిరానిదని కొట్టినవాడు ఒక కాపురమును కూల్చినవాడగును.

ఎలుగుబంటి మాట ఈ ఊళ్లవారికి చెప్పనక్కరలేదు. చెదలు, ఇప్పపూలు, పండ్లు దాని ఆహారము. కొండపై అవి తగ్గినప్పుడు జీడితోటలోని పండ్లును, పనసవాసనయు దానిని క్రిందికి పిలుచును. దానికి చూపు మందము. దగ్గరకు వచ్చువరకు మనిషిని గుర్తింపక, ఉలికిపడి మీదపడును. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో ఒక ఎలుగు ఒక రైతును చంపి, మరి కొందరిని తీవ్రముగా గాయపరచినది. పట్టుబడిన పిమ్మట అదియు చచ్చినది. చనిపోయిన మనిషి ఇంటివారి దుఃఖమునకు ఏ లెక్కలును సమాధానము కావు. తెల్లవారకముందు తోటకు ఒంటరిగా పోవకుండుట, పోవునప్పుడు మాటలాడుచు చప్పుడు చేయుచు పోవుట, రాలిన పండ్లను ఇంటిచుట్టు కుళ్లనీయకుండుట, ఇవి రైతు చేయదగినవి. కొండవాలున అడవికి నిప్పు పెట్టనీయకుండుట ప్రభుత్వములును ప్రజలును కలిసి చేయదగినది. ఇప్పపూవు ఏరుటకు నేల శుభ్రమగునని ఆకులకు అంటించిన నిప్పు గాలికి పచ్చికబయలెక్కి ఎంతవరకు పోవునో అంటించినవానికే తెలియదు. గజపతి జిల్లాలోని లఖారి లోయనుండి 2007 ప్రాంతమున ఏనుగులును శ్రీకాకుళము జిల్లాలోనికి దిగివచ్చుటయు ఇట్టిదే. మృగములకు సరిహద్దురాళ్లు తెలియవు.

నీటికిని తెలియవు. ఈ కొండలలో పుట్టిన రెండు ఏరులకు మహేంద్రతనయ యను ఒకే పేరు. ఒకటి పర్లాకిమిడి ప్రక్కనుండి పోయి వంశధారలో కలియును. మరియొకటి ఒడిశాలో పారి, ఆంధ్రదేశమున ప్రవేశించి, బారువ వద్ద నేరుగా సముద్రమున పడును. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానపు కొబ్బరితోటలు నేలమట్టమగుట అందరును చూచినదే. అదే వాన కొండపై ఏమి చేసినదో క్రిందివారు అంతగా వినలేదు. గజపతి జిల్లా రాయగడ సమితిలోని బరఘర గ్రామమున, వానకు తలదాచుకొన్నవారిపై కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా ప్రాణములు పోయినవి. చెట్టువేళ్లు మట్టిని పట్టియుంచును, ఆకుల పొర వాననీటిని పీల్చుకొని మెల్లగా విడుచును. ఇంత పెద్ద వానను ఏ అడవియు పూర్తిగా ఆపలేదు గాని, బోడికొండపై అదే వాన మట్టితోను రాళ్లతోను ఒక్కమారుగా దిగును. పై సవరగ్రామమున గట్టు తెగినచో క్రింది వరిచేనిలో ఇసుకమేట పడును.

2022 నవంబరులో ఒడిశా ప్రభుత్వము మహేంద్రగిరిని జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటించెను. ఆ రాష్ట్రమున సిమిలిపాల్ తరువాత ఇది రెండవది. గజపతి, గంజాము జిల్లాలలో సుమారు 4,70,000 హెక్టార్ల విస్తీర్ణము. శాస్త్రజ్ఞులు ఇక్కడ 1,358 వృక్షజాతులను లెక్కించిరి. వాటిలో మందుమొక్కలు మెండు. ఇది సంతోషింపదగిన ప్రకటన. కాని పటముపై రంగు పూసినంతమాత్రమున అడవి నిలువదు. దానిలో నివసించువారిని దొంగలుగా చూచు పద్ధతి మరల రాకుండుట ముఖ్యము. గున్నమ్మ ఊరివారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

శివరాత్రికి ఎక్కువారికి రెండు మూడు మాటలు. మందస వైపు బాటన పోవువారు తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరకముందే వాలు దాటవలెను. త్రాగునీరు మోసికొనిపోయి, ఖాళీ సీసాలను తిరిగి తెచ్చుకొనవలెను. వాగులలో సబ్బు వాడరాదు. ఆ నీరే క్రింది సవర గ్రామమునకు త్రాగునీరు. ఉరుములు వినబడినప్పుడు బయలుపై నిలువక, ఒంటిచెట్టు క్రిందికి పోక, పల్లమునకు దిగవలెను. పిడుగు మొదట శిఖరమునే వెదకును. గుడిరాళ్లపై తమ పేర్లు చెక్కువారు ఇప్పటికే ఎక్కువైనారు. చోళుని తరువాత ఆ పని ఇంకెవ్వరును చేయనక్కరలేదు.

కడపట గ్రంథాలయమునకు సంబంధించిన మాట ఒకటి. ఇరువదియైదేండ్లు పుస్తకములు కూర్చిన ఈ గ్రంథాలయమున ఒక తెల్లకాగితముల పుస్తకమును బల్లపై ఉంచుట కష్టము కాదు. ఏ యేట కొండవాగు ఏ మాసమువరకు పారినదో, ఎలుగు ఏ తోటకు ఏ దినమున వచ్చినదో, కొండపై నిప్పు ఎప్పుడు కనబడినదో, సంతకు కొండచీపుళ్లు, చింతపండు తెచ్చు సవరస్త్రీలు ఏ వాగును ఏ పేరున పిలుతురో తెలిసినవారు తెలిసినట్లు అందులో వ్రాయవచ్చును. వ్రాయలేనివారు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాయవచ్చును. మొదటి పుటలో తిత్లీ సంవత్సరపు సంగతులు వ్రాయదగును. ఆ రాత్రి వాగు ఎంతవరకు పొంగెనో చూచినవారు ఈ సభలో ముందువరుసలోనే కూర్చుండియున్నారు.